తలంబ్రాల దగ్గర పగిలే బొమ్మ

2000 తర్వాతి పదేళ్లలో జరిగిన తెలుగు పెళ్లిళ్ల డీవీడీలు ఇప్పుడు పెట్టి చూస్తే, చాలావాటిలో బొమ్మ ఒకే చోట పగులుతుంది. వినాయకుడి పూజ నుంచి అంతా సజావుగానే నడుస్తుంది. తెర పట్టుకున్న బాబాయిల మొహాలు, పురోహితుడి కండువా అంచు, జీలకర్ర బెల్లం అంటిన తమలపాకు, అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. తలంబ్రాలు మొదలవుతాయి. పళ్లెంలోంచి దోసిళ్లకొద్దీ పసుపు బియ్యం పైకి లేచేసరికి టీవీ నిండా చిన్న చిన్న గళ్లు పుట్టుకొస్తాయి. పెళ్లికూతురి నవ్వు నాలుగు ముక్కలవుతుంది. పెళ్లికొడుకు బాసికం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. గింజలన్నీ రాలిపోయి, ఇద్దరూ బట్టలు దులుపుకుని కుదురుగా కూర్చున్నాక బొమ్మ మళ్లీ తేటపడుతుంది. చూస్తున్నవాళ్లలో ఒకరు డిస్క్ మీద గీతలు పడ్డాయంటారు. ఇంకొకరు ప్లేయర్ లెన్స్ తుడవాలంటారు. మూడోవారికి కెమెరా పట్టుకున్నవాడి మీదే అనుమానం. అసలు ఆ పెళ్లిలో అందరూ ఎక్కువగా నవ్విన నిమిషం అదే కదా, అదే ఎందుకు పాడైంది?

గీతలూ కాదు, లెన్సూ కాదు. ఆ సన్నివేశానికి కావలసినంత చోటు డిస్క్‌లో లేదు, అంతే.

మామూలు డీవీడీ సామర్థ్యం 4.7 జీబీ అని కవరు మీద ఉంటుంది. కంప్యూటర్‌లో పెడితే అదే డిస్క్ 4.37 అని చూపిస్తుంది. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్క కడతారు, కంప్యూటర్ 1024తో లెక్క కడుతుంది. ఈ చిన్న తేడాకే అప్పట్లో రాత్రంతా రెండర్ చేసిన ఫైలు తీరా రాసే వేళకి డిస్క్‌లో పట్టక, స్టూడియో కుర్రాళ్లు తలలు పట్టుకునేవారు. మన దేశపు పాల్ పద్ధతిలో ఒక్కో బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో చుక్కకు మూడు బైట్ల చొప్పున ఏదీ వదలకుండా దాచిపెడితే ఒక డీవీడీలో పట్టేది రెండున్నర నిమిషాలు. ముహూర్తం నాడు గణపతికి దణ్ణం పెట్టుకునేలోపే డిస్క్ నిండిపోతుందన్నమాట. అందుకే డీవీడీలో ఉన్న ప్రతి బొమ్మా చాలా పోగొట్టుకుని మిగిలిన బొమ్మే. ఎంత పోయింది, ఎక్కడ పోయింది, ఎవరు పోనిచ్చారు అన్నదే మిగతా కథంతా.

పెళ్లిళ్లకు అప్పట్లో వాడిన మినీ డీవీ టేపు కూడా కొంత కుదించే రికార్డు చేసేది. అయినా గంట టేపు కంప్యూటర్‌లోకి దించితే దాదాపు 13 జీబీ అయ్యేది. మూడు గంటల పెళ్లి అంటే 39 జీబీ. దాన్ని 4.7లోకి దించాలి. ఎనిమిది వంతుల్లో ఒక వంతు ఉంచుకుని ఏడు వంతులు వదిలెయ్యాలి. ఆ ఏడు వంతులూ పోయినట్టు చూసేవాళ్లకు తెలియకూడదు కూడా.

ఇందుకు డీవీడీ నమ్ముకున్న పద్ధతి ఎంపెగ్-2. దాని సూత్రం ఒక విధంగా చాలా పొదుపరి మనిషి సూత్రం: మారనిదాన్ని మళ్లీ చెప్పొద్దు. అర సెకనుకో, అంతకు కాస్త అటూ ఇటూనో ఒక పూర్తి బొమ్మ దాస్తుంది. దాని తర్వాత వచ్చే పదీ పన్నెండు బొమ్మల్లో ఏది మారిందో అది మాత్రమే రాసుకుంటుంది. మంటపం వెనక కట్టిన పూలదండలు కదలవు, కాబట్టి వాటి గురించి మళ్లీ రాయదు. పురోహితుడి చెయ్యి కుడివైపు జరిగితే ‘ఈ ముక్క ఇటు జరిగింది’ అని ఒక్క సూచన సరిపోతుంది. మంటపం మూల స్తంభానికి ఆనుకుని కదలకుండా కూర్చున్న అమ్మమ్మ ఈ లెక్కలో యంత్రానికి అతి చవక. పెద్దగా చోటు తినకుండానే ఆవిడ ముక్కుపుడక దాకా స్పష్టంగా కనిపిస్తుంది.

తలంబ్రాల దగ్గర ఈ తెలివంతా చేతులెత్తేస్తుంది. ఒక్కో గింజ ఒక్కో దారిలో పైకి పోతుంది, తిరుగుతుంది, తలపాగాకు తగిలి పక్కకు ఎగురుతుంది. ముందు బొమ్మ చూసి తర్వాతి బొమ్మ ఊహించడానికి ఏ ఆధారమూ ఉండదు. అదే క్షణంలో నలుగురైదుగురు ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు వెలుగుతాయి. ఒక్కో వెలుగుకూ బొమ్మంతా తెల్లబడి, ముందు వేసుకున్న అంచనాలన్నీ తప్పుతాయి. ఎక్కడైనా బొమ్మను కుదించే ఎన్‌కోడర్లను ఏడిపించే దృశ్యాలు ఇలాంటివే: కురిసే మంచు, ఎగసే నీళ్లు, మంట, పొగ, గాల్లోకి విసిరిన రంగు కాగితాలు. తెలుగు పెళ్లిలో హోమం పొగ, తలంబ్రాలు, అక్షింతలు, ఫ్లాష్‌లు ఒకే పూట వచ్చిపడతాయి. మన పెళ్లి తంతును ఎవరో పనిగట్టుకుని ఎంపెగ్‌కు పరీక్షపత్రంలా తయారు చేశారేమో అనిపిస్తుంది.

మరి పగిలేది గళ్లుగానే ఎందుకు? బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల చతురస్రాలుగా కోసి, ఒక్కోదాన్ని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితంలోంచి నడిపిస్తారు. అది ఆ గడిలో ఉన్నదాన్ని మెల్లగా మారే వెలుగులుగా, గబగబా మారే సన్నని వివరాలుగా విడగొడుతుంది. చోటు తక్కువైతే సన్నని వివరాలను ముందు వదిలేస్తారు. మరీ తక్కువైతే గడి మొత్తానికి ఒకే రంగు పూసినట్టు మిగులుతుంది. అప్పుడు గడికీ గడికీ మధ్య గట్టు బయటపడుతుంది. ఈ గణితాన్ని 1974 జనవరిలో నాలుగు పేజీల వ్యాసంగా ప్రచురించిన ముగ్గురూ మన దేశం నుంచి వెళ్లినవారే: బెంగళూరు నుంచి వెళ్లిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో పాఠాలు చెప్పిన కామిశెట్టి రామమోహనరావు. మూడో పేరు వినగానే తెలుగు చెవి కాస్త నిక్కబొడుచుకోవడం సహజమే. అంతకు రెండేళ్ల ముందు, 1972లో, ఈ ఆలోచన మీద పని చేస్తానని అహ్మద్ అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. వాళ్లు ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందని ఒక పరిశీలకుడికి అనిపించిందట. అంత తేలికైనది లేకపోతే జేపెగ్ ఫొటో ఇప్పుడున్న రూపంలో ఉండేది కాదు, వీసీడీ ఉండేది కాదు, పెళ్లి డీవీడీ అసలే ఉండేది కాదు.

రంగు విషయంలో వదిలింది ఇంకా ఎక్కువ. మనిషి కన్ను వెలుగు నీడల తేడాను పట్టినంత గట్టిగా రంగు తేడాను పట్టదు. అందుకే డీవీడీ వెలుగును 720కి 576గా ఉంచి, రంగును 360కి 288గానే దాస్తుంది. మామూలు దృశ్యాల్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ముదురు ఎరుపు పట్టుచీర, దాని మీద సన్నని జరీ గీత వచ్చినప్పుడు మాత్రం ఎరుపు అంచు దాటి పక్కకు చిమ్మినట్టు ఉంటుంది. ఎర్రచీర లేని పెళ్లి ఎక్కడ?

పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలో ఇదంతా ఇలా సిద్ధాంతంగా ఎవరూ మాట్లాడుకోలేదు. అక్కడ ఉన్నవి రెండే మాటలు: బిట్‌రేటు, క్లారిటీ. మొదటిది ఎడిటర్ నోట వచ్చేది, రెండోది డబ్బిచ్చేవాళ్ల నోట. డీవీడీలో బొమ్మకు సెకనుకు అత్యధికంగా 9.8 మెగాబిట్లు ఇవ్వొచ్చు. అలా ఇస్తే డిస్క్ గంటకే నిండుతుంది. రెండు గంటలైతే శబ్దంతో కలిపి సెకనుకు 5.2, మూడు గంటలైతే మూడున్నర. శబ్దాన్ని కుదించకుండా పీసీఎంగా వదిలేస్తే అదొక్కటే ఒకటిన్నర మెగాబిట్లు తింటుంది. అంటే మూడు గంటల డిస్క్‌లో దాదాపు సగం సన్నాయి, డోలు పట్టుకుపోతాయి. డాల్బీ డిజిటల్‌లోకి మార్చి 192 కిలోబిట్లు ఇస్తే సన్నాయి సన్నాయిలాగే వినిపిస్తుంది, బొమ్మకు ఊపిరాడుతుంది. సాఫ్ట్‌వేర్ మొదట ఏది చూపిస్తే దానికే సరే కొట్టే అలవాటున్న చోట్ల ఈ ఒక్క మార్పు చెయ్యక ఎన్ని పెళ్లిళ్లు మసకబారాయో!

ఉన్న బిట్లను పంచడంలోనూ రెండు దారులు. ఎవరు తింటున్నారో చూడకుండా ఆకుకిన్ని గరిటెలని వడ్డించుకుపోయే వంటవాడిలా, ప్రతి సెకనుకూ ఒకే బిట్‌రేటు ఇవ్వడం ఒకటి. రెండోది, ముందు ఒకసారి బంతంతా తిరిగి ఎవరి ఆకలి ఎంతో చూసుకుని రెండోసారి వడ్డించడం. ఈ రెండో దారినే టూ పాస్ అనేవారు. మొదటి విడతలో ఎన్‌కోడర్ మూడు గంటల పెళ్లీ చూసి ఎక్కడ కదలిక ఎక్కువో గుర్తు పెట్టుకుంటుంది. రెండో విడతలో వేదమంత్రాల దగ్గర మిగిలించి తలంబ్రాల దగ్గర ఖర్చు పెడుతుంది. ఫలితం చెప్పుకోదగ్గంత మేలు. కాకపోతే సమయం రెట్టింపు. పెంటియం-4 యంత్రం మీద ఒక పెళ్లి రెండర్‌కు పెట్టి ఇంటికెళ్లి పడుకుని పొద్దున్నే రావలసిన రోజుల్లో, మూఢం వెళ్లి ముహూర్తాలు ఒక్కసారిగా మొదలైన నెలలో, రెండు రాత్రులు ఎవరి దగ్గరున్నాయి? యంత్రానికి ఓపిక ఉన్నా కరెంటుకు ఉండాలిగా.

మిక్సింగ్ సంగతి వేరే చెప్పాలి. ఆ రోజుల్లో పెళ్లి వీడియో అంటే జరిగింది జరిగినట్టు చూపించడం కాదు. పెళ్లికూతురి మొహం మీద గులాబీ రేకులు రాలాలి, పెళ్లికొడుకు హృదయాకారంలోంచి నడిచి రావాలి, తాళి కట్టేటప్పుడు నక్షత్రాలు జల్లుగా పడాలి. రాలే రేకులూ, మెరిసే చుక్కలూ ఎన్‌కోడర్ కంటికి తలంబ్రాలకు అక్కచెల్లెళ్లే. వేదిక మీద అసలు తలంబ్రాలు బొమ్మను పగలగొడుతుంటే, అదనంగా కంప్యూటర్‌లో ఇంకో బుట్టెడు తలంబ్రాలు చేర్చి డబ్బు తీసుకున్నారన్నమాట. ఇది ఎగతాళి కాదు. ఆ రేకుల కోసమే స్టూడియోలను ఎంచుకునేవారు. స్పష్టతను ఎవరూ ఆల్బం తెరిచి పక్కింటివాళ్లకు చూపించలేరు, రేకుల్ని చూపించగలరు.

మరి మూడు గంటల పెళ్లి ఒక డిస్క్‌లో సరిగ్గా పట్టకపోతే చెయ్యగలిగింది ఏమిటి? రెండు డిస్క్‌లు చెయ్యొచ్చు. ‘మధ్యలో లేచి మార్చాలా?’ అంటారు ఇంటివాళ్లు. ఎనిమిదిన్నర జీబీ పట్టే రెండు పొరల డిస్క్ వాడొచ్చు. అది ఖరీదు, పైగా కొన్ని పాత ప్లేయర్లు దాన్ని చదవక మొరాయిస్తాయి. బొమ్మ కొలతనే తగ్గించి వీసీడీ స్థాయికి, అంటే 352కి 288కి దించొచ్చు. డీవీడీ నియమాలు అందుకూ ఒప్పుకుంటాయి. గళ్లు తగ్గుతాయి, బొమ్మ అంతా మెత్తబడుతుంది. ఇక మిగిలింది కత్తెర. అన్నిటికన్నా మేలైన దారి అదే, అన్నిటికన్నా అసాధ్యమైనదీ అదే. రిసెప్షన్‌లో వరసగా వేదికెక్కి, కవరిచ్చి, కెమెరా వైపు తిరిగి నిలబడి దిగిపోయే బంధువుల గంట తీసేస్తే మిగిలిన రెండు గంటలకు సెకనుకు ఐదు మెగాబిట్లు పైగా వస్తాయి. తలంబ్రాలు చాలావరకు నిలబడతాయి. కానీ ఆ గంటలో మేనత్త మొగుడు ఉన్నాడు. ఆడపడుచు అత్తగారు ఉన్నారు. చదివింపులు ఎవరు ఎంత రాయించారో ఊరికి తెలుసు, వాళ్లు వీడియోలో లేకపోతే ఆ సంగతీ తెలుస్తుంది. గణితవేత్త క్లాడ్ షానన్ 1959లో ఒక వ్యాసంలో, ఎంత తప్పును సహించగలిగితే ఎంత తక్కువ చోటు సరిపోతుందో గణితంగా తేల్చాడు. సహించేది ఎవరన్నది గణితం చెప్పదు. తెలుగు పెళ్లిలో మసకబారిన తలంబ్రాలను అందరూ సహించారు, కనిపించని మేనత్త మొగుణ్ని ఒక్కరూ సహించలేదు. చోటుకూ స్పష్టతకూ మధ్య బేరం అనుకున్నది చివరికి చుట్టాలకూ స్పష్టతకూ మధ్య బేరమైంది. అందులో పూర్తిగా తప్పు పట్టాల్సింది కూడా కనిపించదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ డిస్క్ తీసిన ఇంట్లో ముందు వెతికేది వేదికెక్కి దిగిపోయినవాళ్లనే. వాళ్లలో ఇప్పుడు లేనివాళ్లు ఎందరో.

సినిమా వ్యాపారంలో ఈ బేరం మొహమాటం లేకుండా జరిగింది. కొలంబియా ట్రైస్టార్ వాళ్లు 2001లో సూపర్‌బిట్ పేరుతో కొన్ని డీవీడీలు విడుదల చేశారు. ‘ది ఫిఫ్త్ ఎలిమెంట్’ మొదటి విడతలోనిదే. దర్శకుడి ముచ్చట్లు, చిత్రీకరణ విశేషాలు లాంటి అదనపు సరుకంతా తీసేసి డిస్క్‌లో ఉన్న చోటంతా సినిమాకే ఇచ్చారు. తక్కువ ఇచ్చి ఎక్కువ అడిగారని నవ్వినవాళ్లూ ఉన్నారు, తెర పెద్దదైనవాళ్లు కొనుక్కున్నారు కూడా. మన బజార్లలో దీనికి సరిగ్గా ఎదురు దిశలో త్రీ ఇన్ వన్ నడిచింది. ఒకే హీరో సినిమాలు మూడు, ఒకే డిస్క్‌లో, నకిలీ కవరుతో. రెండున్నర గంటల సినిమాలు మూడంటే ఏడున్నర గంటలు. లెక్క వేస్తే శబ్దంతో కలిపి సెకనుకు దాదాపు 1.4 మెగాబిట్లు, అంటే ఇంచుమించు వీసీడీకి ఇచ్చినంత. కొన్నవాడు డీవీడీ కొన్నాననుకుని మూడు వీసీడీ సినిమాలు ఇంటికి తెచ్చుకున్నాడు. మోసమేనా? ఫైట్ దగ్గర బొమ్మ చెదిరిపోయినా మూడు సినిమాలూ చూసి సంతోషించినవాళ్లను అడిగితే ఏమంటారో.

నకిలీని ధరతోనే కొట్టాలని ఖాళీ డిస్క్‌ల తయారీలో పేరున్న మోసర్ బేర్ సినిమాల్లోకి దిగింది. వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34. స్పష్టతలో ఉన్న అంత తేడాకు ఆరు రూపాయలే విలువ కట్టారు. తెలుగు సినిమాలూ ఆ ధరకు కిరాణా కొట్లలో వేలాడాయి. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లేనాటికి డిస్క్ అడిగేవారే కరువయ్యారు.

పాత నలుపు తెలుపు సినిమాలు మరో చిక్కు తెచ్చాయి. రంగు లేదు కాబట్టి చోటు మిగులుతుందనుకుంటాం. కానీ ఫిల్మ్‌కు దాని రేణువులున్నాయి. బొమ్మ బొమ్మకూ అవి మారిపోతూ తెరంతా సన్నగా చిమచిమలాడతాయి. యంత్రానికి ఆ చిమచిమ కూడా తలంబ్రాలే. 1957 నాటి ‘మాయాబజార్’ మూడు గంటల సినిమా. అందులో మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను చిత్రించిన తీరు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పడవ పాటలో నల్లటి నీటి మీంచి మెల్లగా తెల్లబడే వెలుగు, చోటు చాలని డిస్క్‌లో మెట్లు మెట్లుగా విడిపోతుంది. రేణువుల్ని ముందే తుడిచేస్తే మెట్లు ఇంకా బాగా కనిపిస్తాయి, ఉంచితే బిట్లు చాలవు. బార్ట్‌లీ వెన్నెల రేణువుల్లో ఉందా, రేణువులు తుడిచాక మిగిలినదాంట్లో ఉందా? ఆ ప్రశ్నకు సమాధానం ఎన్‌కోడర్ సెట్టింగుల్లో ఎక్కడా ఉండదు. ఎవరో ఒకరు చీకటి గదిలో కూర్చుని కళ్లతో చూసి తేల్చాలి.

ఇంకొక బాధ డిస్క్ అంచుది. డీవీడీని లోపలినుంచి బయటకు రాస్తారు, అలాగే చదువుతారు. కాబట్టి పెళ్లి మొదలు మధ్యలో ఉంటుంది, ముగింపు అంచున. చవక డిస్క్‌లు ఎక్కువగా తప్పులు చేసేది అంచునే, పట్టుకున్నప్పుడు వేలిముద్రలు పడేదీ అంచునే. 4.7 అంచు దాకా నింపిన డిస్క్‌లలో అప్పగింతలు ఆగిపోయేవి. అమ్మాయి చేతులు పాలలో ముంచి వియ్యంకుల చేతుల్లో పెట్టేచోట బొమ్మ నిలిచిపోయి ప్లేయర్ కిర్రుమనేది. తెలిసిన ఎడిటర్లు అందుకే కొద్ది చోటు ఖాళీగా వదిలేవారు. ఆ ఖాళీ కూడా స్పష్టతలోంచి కోసుకున్నదే.

ఇన్ని పాట్లూ పడి చేసిన డిస్క్ పచ్చళ్ల పార్సిల్‌తో డాలస్‌కో న్యూజెర్సీకో చేరితే అక్కడ ఇంకో గోడ. ఇంట్లో చేసిన డిస్క్‌కు ప్రాంతం తాళం ఉండదు, ఆ భయం లేదు. కానీ మనది పాల్, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. సెకనుకు 25 బొమ్మలకు బదులు దాదాపు 30, నిలువున 576కు బదులు 480. అక్కడి టీవీకి కట్టిన ప్లేయర్లు చాలావరకు ఆ డిస్క్‌ను తీసుకునేవి కావు, కంప్యూటర్ మాత్రం తీసుకునేది. దాంతో పెళ్లికి రాలేకపోయిన అన్నయ్య కుటుంబమంతా లాప్‌టాప్ చుట్టూ మూగి చెల్లెలి పెళ్లి చూసేది.

ఇప్పుడు ఈ గొడవ లేదనిపిస్తుంది, నిజానికి అది కనిపించకుండా పోయింది. నెట్‌ఫ్లిక్స్ 2015 డిసెంబరులో, కార్టూన్‌కూ పోరాట చిత్రానికీ ఒకే బిట్‌రేటు పట్టిక వాడడం మానేసి, ఏ చిత్రానికి ఎంత కావాలో దాన్నిబట్టి ఇవ్వడం మొదలుపెట్టామని ప్రకటించింది. స్టూడియోలో టూ పాస్‌కు రాత్రి దొరకని కుర్రాడు చెయ్యాలనుకున్నదీ దాదాపు అదే, కాకపోతే ఒక్క పెళ్లికి. వాట్సాప్ చాలాకాలం వీడియోకు 16 ఎంబీ హద్దు పెట్టింది. అందులో పట్టడానికి ఏం పోవాలో పంపేవాణ్ని అడగలేదు. మేనత్త మొగుణ్ని ఉంచాలా, తలంబ్రాలను ఉంచాలా అని ఎదురెదురుగా కూర్చుని వాదించుకోవడానికి కౌంటర్ లేదు, అవతల మనిషి లేడు.

పాత డిస్క్‌లు పట్టుకుని దుకాణానికి వెళ్లేవాళ్లు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించమంటారు. తెలిసినవాడైతే డిస్క్‌లోని వీఓబీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి ఇస్తాడు. తెలియనివాడు వాటిని ఇంకోసారి కుదించి ఎంపీ4 చేస్తాడు. ఒకసారి పగిలిన గళ్లను ఎన్‌కోడర్ ఈసారి అసలు బొమ్మే అనుకుని శ్రద్ధగా దాస్తుంది. క్లారిటీ పెంచుతామనే కృత్రిమ మేధ పనిముట్లూ వచ్చాయి. అవి గళ్లను చెరిపి, అక్కడ ఉండి ఉండొచ్చని తమకు తోచింది గీస్తాయి. తలంబ్రాలకు బదులు తలంబ్రాల్లాంటివి వస్తాయి. అమ్మమ్మ మొహంలో ముడతలు పోతాయి, కొందరికి అది నచ్చుతుంది కూడా.

ఏ షాపులోనైనా దొరికే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో మూడు గంటల మినీ డీవీ టేపుల సరుకంతా, ఆ 39 జీబీలూ, ఒక్క గింజ వదలకుండా పట్టేస్తాయి. టేపులే లేవు. అవి ఖరీదైనవి కాబట్టి కొన్ని స్టూడియోలు డీవీడీ అప్పజెప్పగానే వాటిని వెనక్కి తిప్పి, తర్వాతి ముహూర్తానికి మళ్లీ వాడేసేవి.